పదిహేనో పేరు

పుంగనూరులో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ ఉంది. పేరు చెబితే యాజమాన్యానికి కోపం వస్తుంది. అదే యాజమాన్యానికి మదనపల్లెలో ఒక కాలేజీ, కుప్పంలో ఇంకో కాలేజీ ఉన్నాయి. మూడూళ్ళ కోపం మనకెందుకు, పేరు అక్కర్లేదు.

ఆ కాలేజీలో సుమలత అటెండరు. నలభైకి ఒక ఏడాది తక్కువ. తండ్రి అక్కడే అటెండరుగా ఉంటూ పోతే, ఇంటరు పాసైన కూతురని ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. అంతకు ముందు ఆ ఇంటి ఆడవాళ్ళందరి బతుకూ మదనపల్లె టమోటా యార్డులోనే తెల్లారింది. తల్లి సుబ్బలక్ష్మమ్మ కాయలు ఏరి ఏరి నడుం వంగిపోయిన మనిషి. ఒకటో తేదీకి జీతం చేతిలో పడే ఉద్యోగమని వీధిలో వాళ్ళు సుమలతను చూసి కుళ్ళుకున్నారు కూడా. కుళ్ళుకోనీ పాపం. ఆమె పదహారేళ్ళుగా కూర్చున్నది మాత్రం స్టూలు మీద. ఆఫీసు గుమ్మం బయట వేసిన స్టూలు అది. లోపల జూనియర్ అసిస్టెంటుకు చేతులున్న కుర్చీ, ముందొక బల్ల, తలమీద ఫ్యాను. డిగ్రీ ఉన్న అటెండరుకు ఖాళీ వచ్చినప్పుడు ఆ కుర్చీ ఇవ్వొచ్చని నిబంధన ఉంది. సుమలతకు కావలసిందల్లా ఆ కుర్చీ. కలెక్టరు కుర్చీ ఏమన్నా అడిగిందా?

తెలుగు లెక్చరర్ మునిరత్నం గారి బాధ వేరు. బి.ఏ.లో తెలుగు మేజరుగా పదిహేను మంది చేరకపోతే కోర్సు మూసేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. మూసేస్తే ఆయన్ను కుప్పం పంపి, అక్కడి బీకాం పిల్లలకు పాఠం చెప్పమంటారు. అంటే రోజూ క్లాసుకు పోవాలి. ఆ ఊహకే ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అందుకే ఎండాకాలం వచ్చేసరికి మెడలో కండువా, చేతిలో కరపత్రాల కట్ట పట్టుకుని ఊళ్ళ మీద పడ్డాడు. కరపత్రం మీద 'అమ్మపాల వంటిది అమ్మభాష' అని లావుపాటి అక్షరాలు. ఆయన సొంత కొడుకు ఎల్‌కేజీ నుంచి బెంగళూరులోనే చదివాడు, వాడికి తెలుగులో పేరు రాయడం రాదు. ఆ సంగతి కరపత్రంలో లేదు.

"తెలుగు సదివితే ఏమొస్తాది సార్? అది మాకు వచ్చే గదా," అన్నాడు మారప్ప అనే ఒక తండ్రి, నిజంగానే తెలుసుకుందామని.

మునిరత్నం గారు ఆయనకు ఇంకో కరపత్రం ఇచ్చాడు.

ఎట్లాగైతేనేం పద్నాలుగు మంది దొరికారు. అమ్మభాష మీద ప్రేమతో కాదులెండి. "కాలేజీకి రానక్కర్లేదు, మీ పని మీరు చేసుకోండి, హాజరు నేను చూసుకుంటా, పరీక్షలకొస్తే చాలు" అన్న మాట మీద చేరారు. హరీష్ మదనపల్లె యార్డులో లారీలకు టమోటా క్రేట్లు ఎత్తేవాడు. దెబోరా అదే ఊళ్ళో ఒక ఆస్పత్రిలో వార్డు పని చేసేది. ఇద్దరు ముగ్గురు కుప్పం దిక్కున గ్రానైటు రాళ్ళకు పాలిష్ పట్టేవాళ్ళు. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పని మానితే పొయ్యి వెలగదు, డిగ్రీ లేకపోతే ఆ పనిలోంచి బయట పడలేరు.

ఆన్‌లైన్ చేరికలకు ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకు మూత. మూడున్నరకు కూడా పద్నాలుగే. మునిరత్నం గారు తల పట్టుకుని కూర్చున్న వేళ సుమలత టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన గ్లాసును చూశాడు, ఆమెను చూశాడు.

"సుమలతా, నువ్వు ఇంటరు పాసే గదమ్మా?"

"పాసే సార్. యాల?"

"ఒక పేరు తక్కువ పడతాండాది. నీ పేరెక్కిస్తా. నువ్వేం సేసే పన్లేదు. క్లాసుకు రావద్దు, పుస్తకం పట్టద్దు. పేరుంటే సాలు."

"పరీక్ష రాస్తే డిగ్రీ ఇస్తారా సార్?"

ఆయన పగలబడి నవ్వాడు. "రాస్తే ఇస్తారు లేమ్మా. నువ్వు రాసేదెప్పుడు!"

ఆ నవ్వు సుమలతకు కాలింది. ఎక్కడ కాలాలో అక్కడే కాలింది. ఆటో నడిపే మొగుడు చిన్నస్వామికి ఫోన్ చేసి, ట్రంకుపెట్టె అడుగున ఉన్న ఇంటరు సర్టిఫికెట్టు ఆటోలో తెప్పించింది. డ్యూటీలో ఉన్న మనిషిని రెగ్యులర్ కోర్సులో చేర్చుకోవచ్చా అని ఎవరికైనా అనుమానం వచ్చిందా? రాలేదు. కోర్సు నిలబడితే చాలని ప్రిన్సిపాలు సరేనన్నాడు. ఆఫీసు సూపరింటెండెంటు భీమరావు అయితే తన పెన్ను ఇచ్చి మరీ, "పెట్టమ్మా సంతకం, కాలేజీ పరువు నీ సేతిలో ఉండాది," అన్నాడు. ఆ భీమరావును గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

కాలేజీ తెరిచిన మొదటి సోమవారం పదకొండు గంటలకు తెలుగు పీరియడ్. సుమలత తొమ్మిదో నంబరు గది తాళం తీసింది, ఊడ్చింది, బోర్డు తుడిచింది, వరండాలో గంట కొట్టింది. కొట్టి, వచ్చి మొదటి బెంచీలో కొత్త నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంది. స్టాఫ్ రూముకు పోతున్న మునిరత్నం గారు కిటికీలోంచి చూశాడు.

"ఏమ్మా, ఊడ్సేది అయిపోయిందా?"

"అయిపోయింది సార్. మీరు పాఠం మొదలుపెట్టండి."

తప్పించుకునే దారి లేక ఆయన లోపలికొచ్చాడు. తొమ్మిది రోజులు చెప్పాడు. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులు బాగానే చెప్పాడు, ఎప్పుడో కుర్రతనంలో ఆయనకూ ఈ చదువంటే ఇష్టముండేదేమో. ఛందస్సు మొదలుపెట్టి గురువులు, లఘువులు గుర్తించడం చూపిస్తే సుమలత పట్టేసుకుంది. చిన్నప్పుడు అమ్మ వెంట యార్డులో కూర్చుని కాయను చేతిలోకి తీసుకోగానే ఏ గంపలో వేయాలో చెప్పిన పిల్ల కదా, ఇదీ అలాగే చేతికి తెలిసిపోయింది. మూడో రోజు నుంచి సందేహాలు అడగడం మొదలుపెట్టింది. ఈ పద్యంలో రాజు తప్పు చేస్తే కవి ఎందుకు పొగిడాడు సార్? ఆ కావ్యంలో అన్ని పూలున్నాయి, వాటిని తెంపే మనిషి ఒక్కరూ లేరు, యాల సార్? మునిరత్నం గారికి చెమటలు పట్టాయి. పదో రోజు బీరువా తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"బీరువాలో పుస్తకాలుండాయి. స్వయంకృషి చాలా గొప్పది సుమలతా."

అంతే. ఆ తరువాత మూడేళ్ళలో ఆయన ఆ గదిలోకి మళ్ళీ వచ్చింది, సభకు బెంచీలు కావాలని చూడటానికి మాత్రమే. నెలాఖరున మాత్రం ఒక్క ఊపున ఒకే పెన్నుతో పదిహేను మందికీ హాజరు వేసేవాడు. ఆ పనిలో ఏనాడూ లోపం చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

సుమలత మాత్రం వచ్చింది. రోజూ పదకొండుకు వచ్చింది. ప్రిన్సిపాలు గది బెల్లు మోగితే లేచి ఉరికేది, టీ ఇచ్చి, గ్లాసులు కడిగి, ఆగిన పద్యం దగ్గరికే తిరిగొచ్చేది. ఇంట్లో చిన్నస్వామి వేళాకోళం వేరు. "ఏమే, పద్యం ఉడికిందా? ఇంక అన్నం ఉడకేస్తావా?" అనేవాడు. అన్నవాడే పుస్తకం పట్టుకుని, ఆమె అప్పజెబుతుంటే తప్పులు పట్టేవాడు. అట్లా పట్టీ పట్టీ నాలుగు పద్యాలు వాడికే నోటికొచ్చాయి. ఆటోలో ఎక్కిన వాళ్ళకు వినిపిస్తే కొందరు మధ్యలోనే దిగిపోయారట.

ఏటా ఆగస్టు చివర్లో భాషా దినోత్సవం జరిగేది. ఆ రోజు చూడాలి మునిరత్నం గారి వైభవం! పట్టుపంచె, గంధం బొట్టు, నోటి నిండా అమృతం, మకరందం, తేనె. మైకులో ఆయన నలభై నిమిషాలు కన్నీళ్ళు పెట్టుకునేవాడు. సభ నిండాలి కాబట్టి కంప్యూటర్ సైన్సు పిల్లల్ని తోలుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. ముఖ్య అతిథి లేచి, తెలుగు ఎంత గొప్పదో ఇంగ్లీషులో చెప్పి కూర్చునేవాడు. ఆ కాలేజీ మొత్తానికి ఆ రోజు నిజంగా తెలుగు చదువుతున్న ఒకే ఒక్క మనిషి వేదిక వెనక మంచినీళ్ళ గ్లాసులు తుడుస్తూ ఉండేది. ఆమెను పిలిచి ఒక పద్యం చదవమని ఎవరికీ తోచలేదు.

పరీక్షలు దగ్గర పడితే పద్నాలుగు మందికీ వణుకు. పుస్తకం ముఖం చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళకు ఫోన్లు చేసి పిలిచింది సుమలతే. మొదట్లో అదేం పెద్ద మనసుతో చేసిన పని కాదు, ఒక్కతే చదివితే బుర్రకెక్కట్లేదని పిలిచింది. ఆదివారాలు సైకిల్ షెడ్డులో కూర్చునేవాళ్ళు. హరీష్ బస్సు దిగి వచ్చి మొదటి పావుగంట నిద్రపోయేవాడు, మొట్టికాయ వేస్తే లేచేవాడు. దెబోరా చర్చిలో పాడే గొంతుతో పద్యం ఎత్తుకుంటే దారిన పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. సుమలత అర్థం చెప్పేది, మళ్ళీ చెప్పించుకునేది, తప్పు చెబితే తిట్టేది. ఆరు సెమిస్టర్లూ అట్లాగే గడిచాయి.

పదిహేను మందీ పాసయ్యారు. సుమలతకు ఫస్టు క్లాసు. పేపర్లో జిల్లా పేజీలో మునిరత్నం గారి ఫోటో వేసి, కింద 'నూటికి నూరు శాతం ఫలితాల సారథి' అని రాశారు.

ఇప్పుడు భీమరావు వస్తాడు. కుప్పం కాలేజీలో జూనియర్ అసిస్టెంటు ఖాళీ పడింది. సుమలత దరఖాస్తు పెట్టింది. ఆ కుర్చీని భీమరావు తన బావమరిది కోసం రెండేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నాడు. దరఖాస్తు చూడగానే ఆయనకు నిబంధనలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రెండు రిజిస్టర్లు తీసి పక్కపక్కన పెట్టాడు. ఆఫీసు రిజిస్టర్లో సుమలత డ్యూటీలో ఉంది. తెలుగు క్లాసు రిజిస్టర్లో అదే రోజు, అదే వేళ పాఠం వింటూ ఉంది. మూడేళ్ళూ అంతే. క్లాసులో ఉంటే డ్యూటీ ఎగ్గొట్టినట్టు. డ్యూటీలో ఉంటే డిగ్రీ దొంగది. పైకి అర్జీ పోయింది.

సుమలత తిన్నగా మునిరత్నం గారి దగ్గరికి పోయింది.

"సార్, నేను క్లాసుకొచ్చేది మీకు తెలుసు గదా. ఆ మాట రాసియ్యండి."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "నువ్వొచ్చినావంటే, పాఠం ఎవురు సెప్పినారని అడుగుతారమ్మా. మిగతా పద్నాలుగు మంది యాడని అడుగుతారు. కోర్సే పోతాది. పిల్లోళ్ళ బతుకు సూడు."

"అయితే నన్నేం సెయ్యమంటారు?"

"నీ పేరు పొరపాటున పడిందని రాసేస్తా. నీ అటెండరు ఉద్యోగం నీకుంటాది. గమ్మునుండమ్మా."

అర్థమైందా? మూడేళ్ళలో ఒక్కరోజూ రాని పద్నాలుగు మంది రోజూ వచ్చినట్టు. రోజూ వచ్చిన ఒక్క మనిషీ ఎన్నడూ రానట్టు.  సుమలత అరిచి గోల చేయొచ్చు, కానీ అరిస్తే హరీష్, దెబోరా అందరి డిగ్రీలూ గంగలో కలుస్తాయి. ఆ సంగతి మునిరత్నం గారికి తెలుసు, తెలిసే ఆ పిల్లల పేరెత్తాడు. ఆమె గ్లాసులు కడిగే చోటికి పోయి కుళాయి తిప్పి, ఎవరికీ వినబడకుండా ఏడ్చింది.

పై ఆఫీసు నుంచి విచారణ అధికారి కారులో వచ్చాడు. సాయంత్రం కుప్పంలో బెంగళూరు రైలు పట్టుకోవాలని వచ్చీ రాగానే చెప్పాడు. మునిరత్నం గారు తన మాట చెప్పాడు, సుమలత హాజరు పొరపాటున పడిందన్నాడు. అధికారి మరీ అంత తెలివితక్కువవాడు కాదు.

"ఒకటి పొరపాటైతే మిగతావి సరైనవని ఏమిటి నమ్మకం? ఆ పద్నాలుగు మందినీ పిలిపించండి."

పిలిపించాలంటే ఫోన్ నంబర్లు కావాలి. మునిరత్నం గారి దగ్గర ఒక్కటీ లేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, వచ్చి సుమలత ముందే నిలబడ్డాడు. తన మీద సాక్ష్యం చెప్పబోయే వాళ్ళకు సుమలతే ఫోన్లు చేసింది. "రాండప్పా, సార్ ఏమడిగితే దానికి జవాబు సెప్పండి," అంది, ఇంకొక్క మాట అనలేదు.

తొమ్మిది మంది రాగలిగారు. గేటు దగ్గరే మునిరత్నం గారు వాళ్ళను ఆపి పాఠం చెప్పాడు. మూడేళ్ళలో వాళ్ళకు ఆయన చెప్పిన మొదటి పాఠం అదే. రోజూ వచ్చామనాలి, ఈమె రాలేదనాలి. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని లోపలికొచ్చారు. అధికారి వాళ్ళు అనుకున్న ప్రశ్న అడగలేదు.

"మీకు తెలుగు ఎవరు చెప్పారు?"

హరీష్ చొక్కా మీద ఇంకా టమోటా మరకలే. నిద్రకళ్ళతో చెయ్యెత్తి చూపించాడు. "ఈ యక్క సార్."

"మరి ఈ సారు?"

హరీష్ దెబోరా వంక చూశాడు. దెబోరాకు అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"ఇందాక గేటుకాడ సూసినాం సార్," అంది.

 భీమరావు దగ్గాడు. ప్రిన్సిపాలు గోడ మీద క్యాలెండరు చదవసాగాడు. అధికారి గడియారం చూసుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఈ ఊరికి ఇంకో నాలుగు సార్లు రావాలి, మూడేళ్ళ హాజరుకు ఎవరెవరు సంతకాలు పెట్టారో తవ్వాలి. తవ్వితే తన ఆఫీసు దాకా వస్తుంది. ఆయన గొంతు మెత్తబడింది.

"చూడండి, ఎవరికీ నష్టం వద్దు. ఈమె అనుమతితోనే క్లాసుకు వచ్చింది, అందరూ వచ్చారు, సారు పాఠం చెప్పారు. అట్లా ఒక నివేదిక రాయండి. తెలుగు శాఖ వ్యవహారం కదా, తెలుగులోనే రాయండి, అందంగా ఉంటుంది."

కుర్చీ వచ్చేసింది! ఒక్క అబద్ధం దూరంలో ఉంది. మునిరత్నం గారు పెన్ను తీసి, సంబోధనే ఆరు వరుసలు రాసి కొట్టేశాడు. ఇంకోటి మొదలుపెట్టి చించేశాడు. మైకు లేకుండా ఆయనకు వాక్యం నడవదు. చివరికి కాగితాలు ఇటు తోశాడు.

"నువ్వు రాయమ్మా సుమలతా. నీకు బాగా వచ్చు గదా."

సుమలత పక్క గదిలో కూర్చుని రాసింది.  వాళ్ళు చెప్పినట్టు రాస్తే కుర్చీ. కానీ ఆమె రోజూ పదకొండు గంటలకు ఎవరి కోసం వచ్చినట్టు? ఊడ్చిన గదిలో ఒక్కతే కూర్చుని చదివిన మూడేళ్ళను తన చేత్తోనే మునిరత్నం గారి పేరన రాసివ్వడమా? ఆమెకు కోపం వచ్చింది. కోపంలో అక్షరాలు ఇంకా గుండ్రంగా వచ్చాయి. నాలుగు పేజీలు రాసింది. "నా పేరు లెక్క కోసం ఎక్కించుకున్నారు. నేను చదువు కోసం వచ్చినాను. సారు మూడేండ్లలో తొమ్మిది రోజులు పాఠం చెప్పినారు. మిగతా పద్నాలుగు మంది పని చేసుకుంటూ ఆదివారాలు చదివి, పరీక్షలు సొంతంగా రాసినారు. వాళ్ళ తప్పు లేదు." ప్రిన్సిపాలు సరేనన్న సంగతి, భీమరావు ఇచ్చిన పెన్ను సంగతి కూడా రాసింది. రాసి, జరిగేది జరగనీ అని తెచ్చి బల్ల మీద పెట్టింది. 

"అంతా రాశావా?" అన్నాడు అధికారి.

"అంతా రాసినా సార్. ఒకసారి సదవండి."

ఆయన నాలుగు పేజీలూ తిప్పి, "సంతకం ఎక్కడ?" అన్నాడు. చూపించింది. పెట్టాడు. మునిరత్నం గారు కాగితాన్ని దూరంగా పట్టుకుని, "దస్తూరి ముత్యాలే ముత్యాలు!" అని మెచ్చుకుని సంతకం పెట్టాడు. ఇన్నేళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దిందీ అట్లాగే, దస్తూరి చూసి, పొడుగు చూసి. ప్రిన్సిపాలు పెట్టాడు, భీమరావు పళ్ళు కొరుకుతూ పెట్టాడు. కారు కుప్పం దారి పట్టింది.

రెండు నెలలు సుమలతకు కంటి మీద కునుకు లేదు. ఏ రోజు పిలిచి పొమ్మంటారో అని చూసింది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఆర్డరు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. కాలేజీ మెట్ల మీద కూర్చుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. విచారణ నివేదికను ఆద్యంతం క్షుణ్ణంగా పరిశీలించారట. తెలుగు శాఖలో తరగతులు క్రమం తప్పకుండా జరుగుతున్నాయని అందులో రుజువైందట. మునిరత్నం గారి సేవలకు ప్రత్యేక అభినందనలు. సుమలతను కుప్పంలో జూనియర్ అసిస్టెంటుగా నియమించడమైనది.

ఆమె ఫోన్ చేస్తే వచ్చిన చిన్నస్వామి ఆటో ఆపి ఎగిరి దూకినంత పని చేశాడు. దగ్గరికొచ్చి చూస్తే ఆమె కళ్ళనిండా నీళ్ళు.

"వచ్చింది గదే! యాల ఏడుస్తాండావు?"

"నాలుగు పేజీలు రాసినా మామా. ఉండేది ఉండేట్టు రాసినా. నలుగురు సంతకాలు పెట్టినారు, పైన ఇంకెంతమంది పెట్టినారో. ఒక్కరన్నా సదవలేదు."

చిన్నస్వామి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "సదివింటే నీకీ కుర్చీ వచ్చుండునా?"

సుమలత ముక్కు చీదుకుంది.

"రాదు మామా. అందుకే ఏడుస్తాండా."